అప్పగింత

ఇల్లు మారడం ఈ కాలంలో సర్వసాధారణం. ఉద్యోగ బదిలీలు, పిల్లల చదువులు, వార్ధక్యం, ఆస్తి పంపకాలు - ఇలా కారణాలు అనేకం. సామాను సర్దేవేళ ఇంటిల్లిపాదీ కూర్చొని ప్రతి వస్తువు విషయంలోనూ ఒక నిర్ణయానికి వస్తారు. మంచాలు లారీ ఎక్కుతాయి. పాత బీరువా బంధువుల ఇంటికి చేరుతుంది. పూలకుండీలను పొరుగువారు అడిగి తీసుకొంటారు. కాని పది పన్నెండేళ్లుగా ఆ ఇంటి అరుగుమీద నిద్రించి, ఇంట్లో ఒక్కొక్కరి అడుగుల చప్పుడునూ గుర్తుపట్టే పిల్లి విషయంలో మాత్రం చాలా కుటుంబాలు ఏ నిర్ణయానికీ రావు. "పిల్లికేమి, ఎలాగో బతుకుతుంది" అనే ఒక్క మాటతో సరిపెట్టుకొంటాయి. ఆ మాటలో సత్యమెంత, సౌకర్యమెంత అని విచారించడం అవసరం.

తాండవ నది ఒడ్డున ఉన్న తుని పట్టణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తమలపాకులకూ మామిడిపండ్లకూ పేరుపొందిన ఈ పట్టణం చిరకాలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కాకినాడ జిల్లాలో చేరింది. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి, హౌరా - చెన్నై రైలు మార్గం రెండూ ఈ ఊరిమీదుగానే సాగుతాయి. దారులు దగ్గరగా ఉన్న ఊరినుంచి వలసలూ సహజమే. చదువుకొన్న యువతీయువకులు విశాఖపట్నానికో, హైదరాబాదుకో, బెంగళూరుకో, విదేశాలకో వెళుతున్నారు. కొన్నాళ్లకు తల్లిదండ్రులూ వారివెంట వెళ్లవలసి వస్తోంది. పెరడు, అటక, అరుగు, ధాన్యపు గాదె ఉన్న పెంకుటిళ్ల స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. ఈ మార్పు తునికే పరిమితం కాదు. కోస్తాలోని ప్రతి చిన్న పట్టణానిదీ ఇదే కథ. ఇల్లు కూల్చినపుడు మనుషులకు మరో ఇల్లు సిద్ధంగా ఉంటుంది. ఆ ఇంటినీ ఆ మనుషులనూ నమ్ముకొన్న మూగజీవికి ఆ రెండూ ఒకేరోజున దూరమవుతాయి.

మనిషికీ పిల్లికీ గల బంధం చాలా ప్రాచీనమైనది. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో ఒక మనిషి సమాధి పక్కనే పిల్లిని కూడా పూడ్చిన గుంతను పురావస్తు శాస్త్రజ్ఞులు కనుగొని 2004లో ప్రకటించారు. అది సుమారు 9,500 సంవత్సరాల నాటిది. మనిషి వ్యవసాయం నేర్చి ధాన్యాన్ని నిలువ చేసిననాడు ఎలుకలు వచ్చాయి. ఎలుకల వెంట పిల్లి వచ్చింది. సంస్కృతంలో దానికి ఆఖుభుక్కు, అంటే ఎలుకను తినేది, అనే పేరు ఆ వృత్తినిబట్టి ఏర్పడినదే. తన ఒంటిని తాను ఎప్పుడూ శుభ్రపరచుకొంటుంది కాబట్టి మార్జారం అయింది. గాదెలూ పురులూ ఉన్న కాలంలో పిల్లి తన తిండిని తానే సంపాదించుకొనేది. ఇంటివారు వేసే పెరుగన్నం దానికి అదనపు ఆదరణ మాత్రమే. నేడు బియ్యం సంచులలో వస్తున్నాయి. పాలు శీతల పేటికలో ఉంటున్నాయి. ఉట్టి అనే మాట నిఘంటువులో మిగులుతోంది. కాబట్టి ఇప్పటి పెంపుడు పిల్లికి ఇంట్లో చేయవలసిన పని లేదు. దానికీ ఇంటివారికీ మధ్య మిగిలినది స్నేహం ఒక్కటే.

"కుక్క మనిషిని నమ్ముకొంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకొంటుంది" అని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. ఇల్లు ఖాళీ చేసేవారికి ఈ మాట చాలా అనుకూలంగా ఉంటుంది. మనుషులు వెళ్లిపోయినా ఇల్లు ఉంది కదా అని వారు మనసుకు నచ్చచెప్పుకొంటారు. అయితే ఇటీవలి పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని సమర్థించడం లేదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన అధ్యయనంలో, పరీక్షించిన పిల్లులలో సుమారు మూడింట రెండు వంతులు తమ సంరక్షకుల సన్నిధిలో భయం తీరి నెమ్మదించాయి. అంటే అవి మనిషిని ఒక అండగా భావించాయన్నమాట. అదే సంవత్సరం జపాన్ పరిశోధకులు పెంపుడు పిల్లులు తమ పేరును ఇతర పదాలనుంచి వేరుచేసి గుర్తించగలవని నిరూపించారు. పిలిస్తే వచ్చి కాళ్లకు ఒంటిని రాసే పిల్లి కేవలం ఆహారాన్ని అడగడం లేదు. దాని చెక్కిళ్లలో వాసననిచ్చే గ్రంథులున్నాయి. ఆ వాసనను అద్దడం ద్వారా అది మనిషిని తనవారిలో చేర్చుకొంటున్నది.

ఇక వయసు మళ్లిన పిల్లి సంగతి మరింత ఆలోచించదగినది. ఇంట్లో పెరిగే పిల్లి పన్నెండు నుంచి పదిహేను సంవత్సరాలు, మంచి సంరక్షణ ఉంటే అంతకుమించి కూడా జీవిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లిని పశువైద్యులు వృద్ధాప్యంలో ఉన్నదిగా పరిగణిస్తారు. ఆ వయసులో పళ్లు కదులుతాయి; కీళ్లు పట్టేస్తాయి; మూత్రపిండాలు బలహీనపడతాయి; చూపూ వినికిడీ తగ్గుతాయి. చిన్ననాటినుంచి మనిషి చేతి ముద్దకు అలవాటుపడిన అటువంటి పిల్లి వీధిలో వేటాడి బతకలేదు. ప్రతి వీధికీ ముందే హక్కుదారులైన పిల్లులుంటాయి, కుక్కలుంటాయి, వాహనాలుంటాయి. పైగా బెదిరిన పిల్లి ఏదో మూల దాగి తిండి మానివేస్తుంది. వరుసగా కొన్ని రోజులు ఆహారం తీసుకోని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది. కాబట్టి "ఎలాగో బతుకుతుంది" అన్నది విశ్వాసం కాదు. చూడకుండా ఉండటానికి ఎంచుకొన్న మార్గం. కళ్లు మూసుకొని పాలు తాగే పిల్లిని లోకం పరిహసిస్తుంది. ఇక్కడ కళ్లు మూసుకొన్నది మనిషే.

కొందరు ఖాళీ ఇంట్లో వదలడానికి బదులు పిల్లిని గోనెసంచిలో కట్టి ఊరిచివరనో, చేపల బజారులోనో విడిచివస్తారు. ఏరు దాటించి విడిచిన పిల్లి తిరిగి రాదని మరికొందరి నమ్మకం. పిల్లి తన నివాసాన్ని వెతుక్కొంటూ చాలా దూరం నడవగలదు. అయితే ఆ నడకలో జాతీయ రహదారులున్నాయి, రైలు పట్టాలున్నాయి. ఒకవేళ అన్నీ దాటి వచ్చినా తాళం వేసిన తలుపే దానికి ఎదురవుతుంది. చేపల బజారులో విడిస్తే తిండికి లోటుండదనే వాదన వినడానికి బాగుంటుంది. కాని ఆ బజారులో ఇంతకు ముందే చేరిన పిల్లులతో పోరాడి ముక్క సంపాదించడం ముసలి పిల్లికి సాధ్యం కాదు. ఇదంతా తెలియక చేసేవారు కొందరు. తెలిసీ మరో మార్గం వెతికే ఓపిక లేక చేసేవారు కొందరు.

ఈ సందర్భంలో తెలుగువారి సామెత ఒకటి గుర్తుకు వస్తుంది. "పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుంది" అంటారు. నిలకడ లేనివారిని ఎగతాళి చేయడానికి ఈ సామెతను వాడటం కద్దు. నిజానికి తల్లిపిల్లి చేసే పనిలో ఎంతో వివేకం ఉంది. ముందు తాను వెళ్లి చోటును చూస్తుంది. అది క్షేమకరమని తోచిన తరువాతనే పిల్లను నోట కరచుకొని తీసుకుపోతుంది. బాగులేదని తోస్తే మళ్లీ మారుస్తుంది. వైష్ణవ సంప్రదాయంలో ప్రసిద్ధమైన మార్జాల కిశోర న్యాయానికి మూలం ఇదే. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొంటుంది. పిల్లికూన మాత్రం ఏ ప్రయత్నమూ చేయక తల్లిపైనే భారం వేస్తుంది. భగవంతునిపై భక్తుని సంపూర్ణ విశ్వాసానికి పెద్దలు దానిని ఉపమానంగా స్వీకరించారు. ఇంట పెరిగిన పిల్లి కూడా తన భారాన్ని అలాగే మనిషిపై వేసింది. ఆ భారాన్ని దించుకోవలసి వస్తే, దానిని మోయగల మరో చేతిని వెతికిన తరువాతనే దించుకోవాలి.

ఆశ్రయించినవారిని విడువరాదన్నది భారతీయ సాహిత్యంలో పదేపదే వినిపించే ధర్మం. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరివరకు నడిచినది ఒక కుక్క. దానిని విడిచి స్వర్గరథం ఎక్కమని ఇంద్రుడు చెప్పినపుడు ధర్మరాజు అంగీకరించలేదు. తనను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి పొందే స్వర్గం తనకు వద్దన్నాడు. ఆ కుక్క ధర్మదేవత అని అతనికి అప్పటికి తెలియదు. దానివల్ల అతనికి కలిగే ప్రయోజనమూ లేదు. అది తనను అనుసరించింది; ఆ ఒక్క కారణమే అతనికి చాలింది. తిక్కన తెలుగు చేసిన పర్వాలలో ఈ కథ ఒకటి. అన్ని మూగజీవులనూ ఎల్లకాలం వెంట ఉంచుకోవడం గృహస్థులకు సాధ్యమా అనే సందేహం ఇక్కడ కలగవచ్చు. దానికి సమాధానం కాళిదాసు చెప్పాడు.

అభిజ్ఞాన శాకుంతలం నాల్గవ అంకంలో శకుంతల అత్తవారింటికి బయలుదేరుతుంది. ఆమె తనవెంట దేనినీ తీసుకుపోలేదు. అయినా దేనినీ దిక్కులేనిదిగా విడువలేదు. వనజ్యోత్స్న అనే తీగను చెలికత్తెల చేతిలో పెట్టింది. తల్లిలేని ఒక జింకపిల్లను ఆమె చామగింజలు పెట్టి పెంచింది; దర్భకొస గుచ్చుకొని దాని నోటికి గాయమైతే గారనూనె రాసి మాన్పింది. ఆ జింకపిల్ల ఆమె చెంగు పట్టి వెనుకకు లాగింది. ఇకమీదట తండ్రి నిన్ను చూసుకొంటాడని దానికి ధైర్యం చెప్పి శకుంతల ముందుకు నడిచింది. తీగ వెళ్లినది దానిని ఎరిగిన చెలుల చేతికి; జింక మిగిలినది తనకు తెలిసిన ఆశ్రమంలో, తనకు తెలిసిన కణ్వుని నీడలో. తెలుగు పెండ్లిండ్లలో దీనికి సరిపోయే మాట ఉంది - అప్పగింత. విడిచిపెట్టడం వేరు, అప్పగించడం వేరు. మొదటిదానిలో బంధం తెగిపోతుంది. రెండవదానిలో బంధం చేతులు మారుతుంది.

చట్టం కూడా ఈ భేదాన్ని గుర్తించింది. 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టంలోని 11వ విభాగం ప్రకారం, తగిన కారణం లేకుండా ఏ జంతువునైనా ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో విడిచిపెట్టడం నేరం. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఈ చట్టానికి దారితీసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో జీవులపట్ల కరుణ కలిగి ఉండటం ఒకటి. అయితే 1960 నాటి చట్టం ప్రకారం తొలి నేరానికి జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా యాభై రూపాయలకు మించకుండా ఉంటుంది. శిక్షలను పెంచడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక ముసాయిదాను ప్రకటించింది. జరిమానా ఎంతైనా, రాత్రివేళ సంచి విప్పి వచ్చేవారిని పట్టుకొనే భటుడు ఉండడు. కాబట్టి ఈ ధర్మం నిలవవలసినది గృహస్థుల మనసులోనే.

గోదావరి సీమకు చెందిన ఒక వ్యక్తి ఈ విషయంలో కొన్నేళ్ల క్రితం లోకం దృష్టిని ఆకర్షించాడు. తణుకుకు చెందిన ఒక వైద్యుడు ఉక్రెయిన్‌లో స్థిరపడి, పిల్లి జాతికే చెందిన ఒక జాగ్వార్‌నూ ఒక నల్ల చిరుతనూ పెంచుకొన్నాడు. 2022లో యుద్ధం వచ్చినపుడు వాటిని విడిచి రానని నేలమాళిగలో వాటితోనే ఉండిపోయాడు. తరువాత జీవనోపాధి కోసం పోలండ్ వెళ్లవలసి వచ్చినపుడు వాటిని ఒక స్థానిక రైతుకు అప్పగించి, సురక్షిత స్థలానికి చేర్చవలసిందిగా భారత ప్రభుత్వానికి విజ్ఞప్తి చేశాడు. క్రూరమృగాలను ఇంట పెంచడం ఎంతమాత్రం ఆదర్శం కాదు. కాని బాంబుల మధ్యకూడా తన ప్రాణులకు దిక్కు వెతికిన ఆ తపనలో ఒక పాఠం ఉంది. యుద్ధం లేదు, తరుముకొచ్చే శత్రువు లేడు. నెలల ముందే తెలిసిన ప్రయాణానికి ఒక ముసలి పిల్లికి చోటు చూడలేకపోవడానికి కారణం తీరిక లేకపోవడం మాత్రం కాదు.

"మనుషులకే దిక్కులేని లోకంలో పిల్లుల గోల ఏమిటి?" అని ఆక్షేపించేవారు ఉంటారు. ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. ఆకలితో ఉన్న మనిషికంటె పిల్లి ముఖ్యమని ఎవరూ అనరు. అయితే ఇంటి పిల్లికి చోటు వెతికినందువల్ల ఏ మనిషి ముద్దా తగ్గదు. పిల్లికి బిచ్చం పెట్టనివాడు అని లోభిని నిందించిన జాతి, దయకు కొలమానంగా పిల్లినే తీసుకొన్నది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. ఉపయోగం తీరినంతమాత్రాన ఒక ప్రాణిని విడిచిపెట్టవచ్చని పెద్దలు చేసి చూపితే, ఆ ఇంటి పిల్లలు ఆ సూత్రాన్ని పిల్లివరకే నేర్చుకొని ఊరుకొంటారన్న భరోసా లేదు. వయసుడిగినవారిని చూసే చూపు అన్ని ప్రాణుల విషయంలోనూ ఒకటే. దానిని ఇంట్లో మొదట పరీక్షకు పెట్టేది తరచు ఇటువంటి చిన్న సందర్భమే.

పిల్లిని వెంట తీసుకుపోవడమే ఉత్తమ మార్గం. జాగ్రత్తగా మార్చితే పిల్లి కొత్త ఇంటికి అలవాటుపడుతుంది. అది నిజంగా సాధ్యం కానపుడు, అంటే సంరక్షకుడు మరణించినపుడో, మంచం పట్టినపుడో, దూరదేశం వెళ్లవలసినపుడో, కొత్త ఆశ్రయం చూడాలి. ఆ ప్రయత్నం సామాను కట్టేరోజున కాక, కొన్ని నెలల ముందే మొదలు కావాలి. ముందుగా పిల్లికి ఇదివరకే పరిచయమున్న బంధువులను, పొరుగువారిని అడగాలి. దాని వయసునూ జబ్బులనూ దాచకూడదు. ఏమి తింటుంది, దేనికి భయపడుతుంది, ఎక్కడ నిమిరితే ఇష్టపడుతుంది అన్నీ వివరంగా చెప్పాలి. పశువైద్యునికి చూపించి, రేబిస్ తదితర టీకాలు వేయించి, ఆ కాగితాలను కూడా అందజేయాలి. అడిగినవారికల్లా ఇచ్చివేయక, వారి ఇంటిని స్వయంగా వెళ్లి చూడాలి. తల్లిపిల్లి చేసే పనే ఇది.

అప్పగించిన తరువాత కూడా బాధ్యత తీరదు. పిల్లి పడుకొన్న పాత చీరనో, గోనెపట్టానో దానితో పంపాలి; దానికి పరిచితమైన వాసన అందులో ఉంటుంది. తొలి రోజుల్లో ఇల్లంతా తిరగనీయకుండా ఒక గదిలో ఉంచాలి. అలవాటైన తిండిని అలవాటైన వేళకే పెట్టాలి. మంచం కింద దాగితే బలవంతంగా బయటకు లాగరాదు. తానై వచ్చేవరకు ఓపిక పట్టాలి. రెండు మూడు వారాలు గడిచి, ఇంటివారి గొంతులు పరిచయమయ్యేవరకు బయటకు విడువకపోవడం మేలు. పిల్లి ఒకటి రెండు రోజులు ఏమీ ముట్టకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి. పొసగని పక్షంలో తిరిగి తీసుకొంటామనో, మరొక చోటు చూస్తామనో ముందే మాట ఇవ్వాలి. ఆ మాట లేని అప్పగింత సగం విడిచిపెట్టడమే అవుతుంది.

కొత్త ఇంటివారుగా ఎవరు తగినవారు? సాధారణంగా అందరూ కూననే కోరుకొంటారు. ముసలి పిల్లిని ఇంటికి తెచ్చుకోవాలని కోరేవారు అరుదు. నిజానికి ముసలి పిల్లిలో ఉన్న సుగుణం కూనలో ఉండదు. కూన ఎటువంటిదిగా పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ముసలి పిల్లి స్వభావం పదేళ్లుగా రుజువైనది. అది తెరలు పట్టి ఎగబాకదు, రాత్రంతా పరుగులు తీయదు, వెచ్చని ఒడి దొరికితే గురగురమంటూ పడుకొంటుంది. పిల్లలు దూరదేశాలకు వెళ్లగా ఇంట్లో ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులు తునిలోనూ ఉన్నారు, ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. పిలిస్తే పలికే ప్రాణి ఒకటి ఇంట్లో ఉండటం వారికి ఊరట. అయితే వారికి ఆరోగ్యం చెడితే పిల్లిని చూసే మరొకరెవరో ముందే అనుకొని ఉండాలి.

జంతు సంరక్షణ సంస్థలు ఉన్నాయి కదా అని కొందరనవచ్చు. బ్రిటన్‌లో 1860లో ప్రారంభమైన బాటర్సీ శరణాలయం 1883 నుంచి పిల్లులను కూడా చేర్చుకొని వాటికి కొత్త ఇళ్లు చూపుతోంది. తెలుగునాట హైదరాబాదు బ్లూక్రాస్ 1992లోను, విశాఖపట్నంలో విశాఖ జంతు సంరక్షణ సంఘం 1996లోను ఆరంభమయ్యాయి. వీటి సేవ ప్రశంసనీయం. కాని తుని నుంచి విశాఖపట్నం సుమారు 100 కిలోమీటర్లు. అంతకు మించిన విషయం, శరణాలయాలు గాయపడిన, దిక్కులేని ప్రాణులకోసం ఏర్పడ్డాయి. దిక్కున్న ప్రాణిని అక్కడ చేర్చడమంటే నిజంగా దిక్కులేని మరొకదాని చోటును ఆక్రమించడమే. ఎన్నో జంతువుల అరుపుల మధ్య ఒడికి అలవాటుపడిన ముసలి పిల్లి కుమిలిపోతుంది కూడా. కాబట్టి శరణాలయం చిట్టచివరి మార్గం కావాలి.

ఈ కార్యంలో విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. ఇంటి పిల్లి స్వభావం పెద్దలకంటె వారికే ఎక్కువ తెలుసు. ఇల్లు మారే ప్రస్తావన వచ్చిననాడే "పిల్లి సంగతేమిటి?" అని అడగగలవారు వారే. ఎదురువస్తే అపశకునమనే మూఢనమ్మకాన్ని తోసిపుచ్చి, తోటివారి ఇళ్లలో చోటు విచారించగలవారూ వారే. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. విడిచినందుకు అది ఎవరికీ కీడు చేయదు, ఎవరిపైనా ఫిర్యాదు చేయదు. ఫిర్యాదు చేయలేని ప్రాణిపట్ల ప్రవర్తించే తీరులోనే మనిషి సంస్కారం బయటపడుతుంది. ఇంటి తాళపుచెవిని కొత్త యజమాని చేతిలో పెట్టేముందు, ఆ ఇంటిని నమ్ముకొన్న పిల్లిని ఒక మంచి మనిషి చేతిలో పెట్టడం ఆ గృహస్థుల చివరి విధి. ఆ విధి తీరిన తరువాతనే ఆ ఇల్లు నిజంగా ఖాళీ అయినట్లు.